నా దస్తూరిలో పోయిన రెండేళ్ళు

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయులు అప్పుడప్పుడు వనపర్తిలోని మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "సార్, మీ సర్వీసులో మీకు బాగా పేరు తెచ్చిన సంగతి ఒకటి చెప్పండి" అని అడుగుతారు. నేను జోనల్ కబడ్డీ పోటీల కథ చెప్తాను. అందులో నేను విరిగిన చేయితో చివరిదాకా రెఫరీగా నిలబడతాను. చెప్పిన ప్రతిసారీ ఆ చేయి ఇంకొంచెం ఎక్కువ విరుగుతుంది. ఆ కుర్ర మాస్టర్లు నవ్వి, దండం పెట్టి వెళ్ళిపోతారు. ఈసారి ఆ కథ వద్దు. నాకు పేరు తేని సంగతి, ఇంట్లో కూడా పూర్తిగా చెప్పని సంగతి ఒకటి ఉంది, అది రాస్తాను. కొత్త మాస్టర్లైన మీరు ఏటా జూన్‌లో బడిబాటకు పోయి పిల్లల పేర్లు రాసుకుంటారు గనుక ఇది మీకు కబడ్డీ కంటే ఎక్కువ పనికొస్తుంది.

నేను పుట్టింది గద్వాల దగ్గర, మల్దకల్ మండలంలో. ఉద్యోగం మొదలుపెట్టింది వనపర్తిలో. అప్పట్లో అక్కడ ఆఫీసర్ల క్లబ్బులో ఎర్రమట్టి టెన్నిస్ కోర్టు ఒకటి ఉండేది. సాయంత్రం నలుగురు ఆఫీసర్లు ఆడేవారు. నాలుగో ఆయన క్యాంపుకు పోతే బడి నుంచి నన్ను పిలిపించేవారు. నాకు టెన్నిస్ ఎవరూ నేర్పలేదు. పొట్ట పెరిగిన ఆఫీసరు కదలకుండా కొట్టగలిగేలా బంతిని సరిగ్గా ఆయన ముందుకు వేయడమే నా పని. అది కనిపించినంత తేలిక కాదు, మూడేళ్ళలో నాకు ఆటంతా వచ్చేసింది. బదిలీ అయినప్పుడు వాళ్ళు పాత రాకెట్లు నాలుగు, నూగు రాలిపోయిన బంతులు ఒక గోనె సంచి నిండా ఇచ్చారు. అవి ఊరూరా నాతో తిరిగాయి, చాలాకాలం వాటిని ఎవరూ ముట్టలేదు.

కొన్ని బదిలీల తర్వాత నాగర్‌కర్నూల్ వైపు, తెలకపల్లి మండలంలోని ఒక ఊళ్ళో పడ్డాను. హైస్కూలూ, ప్రాథమిక పాఠశాలా ఒకే ఆవరణలో ఉండేవి. చిన్న బడి హెడ్మాస్టరు మంచివాడు, బద్ధకస్తుడు. నా చేతిరాత చూసి ముచ్చటపడి, "నీ దస్తూరి ముత్యాల్లెక్క ఉంటదయ్యా, అడ్మిషన్ రిజిస్టర్ నువ్వే రాయి" అని నాకు అప్పజెప్పాడు. నా దస్తూరి గురించి ఎవరైనా మెచ్చుకుంటే నేను ఏ పనైనా చేస్తాను. అది నా బలహీనత, ఇంటావిడకు ఇప్పటికీ వేళాకోళం.

ఆ జూన్‌లో ఒక రైతు తన కూతురిని వెంటబెట్టుకొని వచ్చాడు. నాలుగెకరాల మెట్ట, ఒక బోరు, అదీ ఏడాదిలో సగం ఎండే బోరు. అమ్మాయి ఒకటో తరగతికి కొంచెం పొడుగే. వేపచెట్టు కింద బల్ల వేసుకొని కూర్చున్న నేను అడిగాను.

"ఎప్పుడు పుట్టింది బిడ్డ?"

"పుష్కరాలప్పుడు సారు. సోమశిలల మునిగి వస్తుంటిమి, కొల్లాపూర్ కాడ మా ఇంటిదానికి నొప్పులొచ్చినయి. ఆడనే దవాఖానల పుట్టింది. నాకు మంచిగ యాదుంది."

కృష్ణా పుష్కరాలు పన్నెండేళ్ళకొకసారి వస్తాయి. మా ప్రాంతంలో అంతకంటే గట్టి పుట్టినరోజు కాగితం లేదు. లెక్క వేస్తే పిల్లకు ఏడో ఏడు నడుస్తోంది. నేను కలం ఎత్తి ఆగాను.

"గిదే రాస్తే రేపు కొలువులకు ఏజ్ బార్ అయితది. రెండేండ్లు తగ్గించి రాస్త. ఒకటో తరగతికి ఐదు నిండాలె, ఐదే రాస్త."

"గట్ల రాయొచ్చునా సారు?"

"నాకు మా మల్దకల్ సారు గట్లనే రాసిండు. ఏం మునిగింది? అందరికంటే రెండేండ్లు ఎక్కువ నౌకరి చేస్త."

ఆయన రెండు చేతులూ జోడించాడు. మరునాడు పచ్చి పల్లికాయ సంచి తెచ్చి నా బల్ల కింద పెట్టి పోయాడు. జూన్ ఒకటి అని తేదీ వేశాను. మా జిల్లాల్లో ఏ బడి రిజిస్టర్ తెరిచినా సగం మంది జూన్ ఒకటిన పుట్టినవాళ్ళే. మేమంతా అదే పని చేసేవాళ్ళం, మేలు చేస్తున్నామనుకునేవాళ్ళం. నేను చాలామందికి ఆ మేలు చేశాను, ఈ పిల్ల వాళ్ళలో ఒకతె.

ఆ తర్వాత ఐదేళ్ళు ఆ అమ్మాయిని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆరో తరగతికి వచ్చిన ఏడు ఒక పొద్దున బడికి సైకిల్ మీద వస్తూ వాళ్ళ చేను పక్కన ఆగాను. జొన్న పాలు పట్టింది, పిట్టలు వాలుతున్నాయి. మంచె మీద నిలబడి ఆ పిల్ల వడిసెల తిప్పుతోంది. తాడు మధ్యలో రాయి పెట్టి, తల మీదుగా గిర్రున తిప్పి ఒక కొస వదులుతుంది. రాయి చేను అవతలి గట్టు దాటి పోతోంది. నాకు రాయి కంటే ఆమె భుజమే ఎక్కువగా కనిపించింది. వెన్ను వెనక్కి వంగడం, చేయి చివరి క్షణంలో విడుచుకోవడం, అన్నీ ఉన్నాయి. క్లబ్బులో ఇరవై ఏళ్ళు ఆడిన ఆఫీసర్లకు కూడా అది రాలేదు.

మరునాడు గోనె సంచి విప్పాను. ఆమెకు ఒక రాకెట్ ఇచ్చి, "వడిసెల తిప్పినట్టే తిప్పు, రాయి బదులు బంతి" అన్నాను. మొదటి బంతి బడి ప్రహరీ దాటి కిరాణా కొట్టు రేకుల మీద పడింది. కొట్టు ఆయన వచ్చి నన్ను నానా మాటలూ అన్నాడు. నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంది.

కోర్టు మేమే చేసుకున్నాం. మొరం తోలించి, నీళ్ళు చల్లి, రోడ్డు పని వాళ్ళను బతిమాలి రోలరు నడిపించాం. గీతలకు సున్నం. నెట్ దొరకలేదు. సోమశిల పోయి చేపలు పట్టేవాళ్ళ దగ్గర చిరిగిన వల ఒకటి అడిగి తెచ్చి, రెండు మడతలు వేసి కట్టాం. ఎండకు ఆ వల చేపల వాసన కొట్టేది. కుక్కలు వచ్చి దాని కింద పడుకునేవి. ఆ అమ్మాయి పొద్దున బడి గంటకు ముందు రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆడేది. నేను ఎదుట నిలబడి బంతులు అందించేవాణ్ణి. ఈసారి ఎదుటివాళ్ళు కదలకుండా కొట్టేలా వేయలేదు, అందకుండా వేశాను. ఆమె అన్నీ అందుకునేది.

ఆ ఏడే మళ్ళీ పుష్కరాలు వచ్చాయి. సెలవుల తర్వాత తండ్రి ప్రసాదం తెచ్చాడు. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ, "బిడ్డకు పన్నెండు నిండినయి సారు, మల్ల అదే నీళ్లల్ల ముంచి తెచ్చిన" అని మురిసిపోయాడు. బల్ల మీద హాజరు పట్టీ ఉంది. అందులో ఆమె వయసు పది. అందరూ ప్రసాదానికి చేతులు చాచారు. అక్కడున్న వాళ్ళలో సగం మంది కాగితం వయసులు కూడా అలాంటివే. నేను లడ్డూ నోట్లో వేసుకున్నాను.

తర్వాత సంగతులు త్వరగా జరిగాయి. నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, హైదరాబాద్. పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల రాష్ట్ర పోటీలో మా పిల్ల ఫైనల్‌కు వచ్చింది. ముందు రోజు ఆమె నన్ను అడిగింది.

"సార్, నాకు పదిహేను గద. గీ చిన్నపిల్లలతోని ఆడొచ్చునా?"

"కాగితంల ఉన్నదే వయసు. నువ్వు బంతిని చూడు" అన్నాను.

ఆమె బంతిని చూసింది. గంటలోపే గెలిచింది. ఓడిన పిల్ల ఏడుస్తుంటే వాళ్ళ అమ్మ ఆమెను పొదువుకొని, మా పిల్ల భుజాల వైపు, చేతుల వైపు చాలాసేపు చూసింది. నా దగ్గరకు వచ్చి, "మాష్టారూ, మీ పాప చాలా బాగా ఆడింది. నిజంగా పద్నాలుగు లోపేనా?" అని నెమ్మదిగా అడిగింది. "పల్లెటూరి పిల్ల గదమ్మా, కష్టం చేసిన శరీరం" అన్నాను. ఆ కప్పు ఆ ఏడుస్తున్న పిల్లది. అది నాకు ఆ రోజే తెలుసు. పేపరు జిల్లా పేజీలో నా ఫోటో కూడా వేశారు, తెలిసిన సంగతి మరిచిపోవడానికి అది బాగా పనికొచ్చింది.

కరోనాలో పోటీలు ఆగిపోయాయి. ఆమె ఇంటి వెనక గోడకు బంతి కొట్టుకుంటూ రెండేళ్ళు గడిపింది. గోడ పెచ్చులూడిపోయి, తండ్రి రెండుసార్లు మట్టితో మెత్తించాడు. బయటికి వచ్చేసరికి ఆమె ఆట వేరు. పెద్దవాళ్ళను, మహిళల్లో ఆడేవాళ్ళను కూడా ప్రాక్టీసులో ఓడించేది. నేను నిజం చెప్తున్నాను, ఆమెకు వయసు తగ్గించుకోవలసిన అవసరం అప్పటికి లేనే లేదు. తన వయసులోనే ఆడి గెలవగలిగేది. కానీ కాగితం ప్రకారం ఆమె పదహారు లోపే, మేము ఆ వరుసలోనే పోయాం.

జాతీయ పోటీ ఆ ఏడు హైదరాబాద్‌లో జరిగింది. ఆమె ఫైనల్‌కు వచ్చింది. గెలిచినా ఓడినా ఫైనల్‌కు వచ్చిన ఇద్దరినీ శిబిరానికి తీసుకొని, శిక్షణ ఇచ్చి, విదేశాల్లో ఆడిస్తామని చెప్పారు. ఆమె జీవితం ఆ ఒక్క గీత దాటితే చాలు. తండ్రి చొక్కా కొత్తది కుట్టించుకొని బస్సెక్కి వచ్చాడు.

ఫైనల్ రోజు పొద్దున మమ్మల్ని ఆఫీసు గదికి పిలిచారు. ఎవరో ఆమె వయసు మీద ఫిర్యాదు చేశారు. మూడు రోజుల కిందట అందరు పిల్లలకూ ముంజేతి ఎముకల ఎక్స్‌రేలు తీశారు, మా పిల్లది తేడా వచ్చింది. బల్ల అవతల పెద్దాయన ఒకరు కూర్చున్నారు. ఆయన ముందు ఎక్స్‌రే కవరు, దాని పక్కన మా బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు. తలకిందులుగా ఉన్నా నా దస్తూరి నాకు తెలుస్తుంది. జూన్ ఒకటి. ఎంత అందంగా రాశానో.

"అయ్యా, మీ పాప ఎప్పుడు పుట్టింది?" అని ఆయన తండ్రిని అడిగారు.

"పుష్కరాలప్పుడు సారు" అన్నాడు తండ్రి వెంటనే. దాచవలసిన సంగతి ఉందని కూడా ఆయనకు తెలియదు. సోమశిల, కొల్లాపూర్ దవాఖాన, అంతా మళ్ళీ చెప్పాడు. పెద్దాయన వేళ్ళ మీద లెక్క పెట్టి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చూడండి. మేం పాపకు శత్రువులం కాదు. బడివాళ్ళు తమంతట తాము తప్పు రాసి ఉంటే, ఆ రాసినవాళ్ళు ఆ మాట ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఈ కప్పు పోతుంది, వయసు సరిచేస్తాం, రేపటి నుంచి పై వయసు వాళ్ళతో ఆడుకోవచ్చు. అంతే. కానీ ఇంటివాళ్ళే కావాలని తగ్గించి రాయించి ఉంటే రెండేళ్ళు ఎక్కడా ఆడడానికి లేదు, శిబిరమూ లేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరు రాయించారు?"

ఒక్క సంతకం. నా జేబులో కలం ఉంది.

అప్పుడు నా బుర్రలో ఏం తిరిగిందో దాచుకోకుండా రాస్తాను. రాసిచ్చిన కాగితం జిల్లా ఆఫీసుకు పోతుంది. విచారణ వేస్తారు. ఇంకెందరికి తగ్గించి రాశావని రిజిస్టర్లన్నీ తిరగేస్తారు. ఆ వరుసలో నా సర్వీసు పుస్తకం కూడా తెరుస్తారు. నిజం వయసు లెక్కన నేను ఆ వేసవిలోనే రిటైర్ కావాలి. మల్దకల్ సారు దయవల్ల నాకు ఇంకా రెండేళ్ళు ఉన్నాయి. చిన్నమ్మాయి చదువు నడుస్తోంది. ఇవన్నీ నాకు పెద్ద పెద్ద కారణాలుగా కనిపించాయి. ఇప్పుడు రాస్తుంటే మూడు వాక్యాలు కూడా రావడం లేదు.

తండ్రి నా వైపు చూశాడు. నేను చెప్తాననుకున్నాడు. నేను బల్ల మీది నీళ్ళ గ్లాసు అందుకొని తాగాను. ఆయన ఇంకొంచెంసేపు చూశాడు. తర్వాత ఆయన మొహంలో నా మీద కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఆయనకు అర్థమైంది, అంతే.

"నేనే చెప్పిన సారు" అన్నాడు పెద్దాయనతో. "నాకు సదువు రాదు. తగ్గించి రాయుమని నేనే అన్న. బిడ్డకేం తెల్వదు, దాన్ని ఆడనియ్యుండ్రి."

"మాష్టారూ, మీరు శిక్షకులు కదా. మీకీ సంగతి తెలుసా?"

"నాకు తెల్వదు సార్" అన్నాను. ఆఫీసుల్లో ఎప్పుడూ నేను శుభ్రంగా పుస్తకం తెలుగు మాట్లాడతాను. ఆ రోజు మా ఊరి మాటే వచ్చింది.

బయట వరండాలో ఆ అమ్మాయి సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. జడ గట్టిగా వేసుకొని, వేళ్ళకు తెల్ల పట్టీలు చుట్టుకొని, ఆడడానికి సిద్ధంగా ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

"ఏమన్నరు సార్? కోర్టు ఏదంట?"

తండ్రి ఆమె సంచి భుజానికి తగిలించుకొని, "ఇంటికి పోదాం బిడ్డా" అన్నాడు. ఆమె మా ఇద్దరి మొహాలూ చూసి మళ్ళీ కూర్చుంది. వేళ్ళ పట్టీలు ఒక్కొక్కటీ విప్పి, ఉండగా చుట్టి జేబులో వేసుకుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది. మేము గేటు దాటుతుంటే లోపల మైకులో ఎదుటి పిల్ల పేరు గెలిచినట్టు చదివారు.

నాగర్‌కర్నూల్ బస్సులో తండ్రి నా పక్కన కూర్చున్నాడు. ఆమె ముందు సీట్లో కిటికీ దగ్గర. హైదరాబాద్ పొలిమేర దాటాక ఆయన గొంతు తగ్గించి అన్నాడు.

"సారు, మీరు పరేషాన్ గాకుండ్రి. మీ కొలువు పోతే ఇంట్ల ఎట్ల? నాదేముంది, నేను భూమి మీద బతికెటోణ్ణి, నా మీద ఏం కేసు పెడ్తరు? అప్పుడు మీరు మంచికే రాసిండ్రు. నాకు యాదుంది, మీకు గూడ మీ సారు గట్లనే రాసిండు గద."

నేను ఆయన చేయి పట్టుకున్నాను. ముందు సీట్లో ఆ అమ్మాయి తల కిటికీకి ఆనించి ఉంది. నిద్రపోయిందనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ నేను ప్రతి పొద్దున హాజరు పట్టీలో సంతకం పెట్టాను, ప్రార్థనకు ఈల ఊదాను. ఆమె రెండు నెలలు కోర్టుకు వచ్చింది. వచ్చి నాతో మాట్లాడకుండా, ఎవరూ లేని అవతలి వైపుకు సర్వీసులు కొట్టి, బంతులు తానే ఏరుకొని పోయేది. తర్వాత రావడం మానేసింది. పత్తి ఏరుతుంటే ఒకసారి చూశాను, నేనే సైకిల్ దిగకుండా పోయాను. ఆ వానాకాలం వల చివికి రెండుగా తెగింది. కట్టించలేదు. మొరం మీద గడ్డి మొలిచింది, బడి పిల్లలు అక్కడ సైకిళ్ళు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆమె హైదరాబాద్ పోయిందని కిరాణా కొట్టు ఆయన చెప్పాడు. ఏదో పెద్ద అపార్ట్‌మెంట్‌లో డబ్బున్న వాళ్ళకు ఎదుట నిలబడి బంతులు అందించే పని దొరికిందట. పద్దెనిమిది, పంతొమ్మిది, ఆటగాళ్ళ భుజం గట్టిపడే ఆ ఏళ్ళలో ఆమె ఇతరులు కదలకుండా కొట్టేలా బంతులు వేస్తూ గడిపింది. ఆ పని ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నాకు దానివల్ల ఆట వచ్చింది, ఆమెకు దానివల్ల ఆట పోతుందేమోనని భయపడ్డాను.

నిషేధం తీరిన నెలలోనే నా రిటైర్మెంట్ సభ జరిగింది. కావాలని కలిపినట్టు కలిసింది. శాలువాలు కప్పారు, దండలు వేశారు. చిన్న బడి పాత హెడ్మాస్టరు మైకు పట్టుకొని, ఇంత అందమైన దస్తూరి మళ్ళీ ఈ బడికి రాదన్నాడు. ఆమె తండ్రి కూడా వచ్చాడు. వెనక వరుసలో కూర్చొని అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. పోయేముందు పల్లికాయ సంచి నా ఆటోలో పెట్టించాడు. ఆ కాయలు నేను తినలేకపోయాను. ఇంటావిడ వలిచి విత్తనాలకు ఇరుగుపొరుగుకు పంచింది.

తర్వాత ఆమె పెద్దవాళ్ళ పోటీల్లో, డబ్బు కోసం ఆడే మహిళల్లో దిగింది. వరసగా మొదటి ఆటలోనే ఓడిపోతూ వచ్చింది. నేను ఫోనులో స్కోర్లు చూసేవాణ్ణి. కళ్ళజోడు పెట్టుకొని ఆ చిన్న అంకెలు మారడం కోసం ఎదురుచూసేవాణ్ణి. పోయినేడు ఒక వారం ఆమె ఓడలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఓడలేదు. మహిళల సింగిల్స్ విజేత అని ఆమె పేరు వచ్చింది. నేను ఇంట్లో ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను.

మర్నాడు పేపర్లో వేశారు. ఆట ఎవరి దగ్గర నేర్చుకున్నావని విలేకరి అడిగితే, "మా జొన్న చేన్లో పిట్టలు కొట్టి నేర్చుకున్నాను" అందట. నా మాట ఎక్కడా లేదు. నొప్పేసింది. ఇంకో పక్క, నా పేరు రానందుకు ఊపిరి కూడా పీల్చుకున్నాను. ఆ రెండూ ఒకేసారి అనిపించినందుకు నా మీద నాకు ఏవగింపు కలిగింది. ఆ తర్వాత ఆమె మరొకటి గెలవలేదు. బంతికి భుజం ఆలస్యంగా వస్తోందని తెలిసినవాళ్ళు అంటున్నారు. హైదరాబాద్ ఫైనల్ తర్వాత శిబిరంలో చేరిన ఎదుటి పిల్ల మాత్రం ఇప్పుడు దేశం తరఫున ఆడుతోంది.

ఈ ఎండాకాలం ఆమె మా ఇంటికి వచ్చింది. నేను గుర్తుపట్టి, లోపలికి రమ్మని, కుర్చీ తుడిచాను. కూర్చోలేదు.

"పాస్‌పోర్టు వస్తలేదు సార్" అంది. "ఆట సంఘంల నా అసలు తేదీ ఉంది, పదో తరగతి మెమోల మీరు రాసిన తేదీ ఉంది. రెండూ కలుస్తలేవు. బయటి దేశంల ఒక టోర్నీకి పిలిచిన్రు. రిజిస్టర్ల రాసినాయన తప్పు రాసిన అని ప్రమాణపత్రం ఇస్తే కోర్టుల వేసి మార్పిస్తనన్నడు వకీలు. ఇస్తరా?"

"ఇస్త బిడ్డా" అన్నాను. ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది? ఉద్యోగం అయిపోయింది, పెన్షన్ వస్తోంది. ఇప్పుడు ఆ నిజానికి నా దగ్గర నుంచి తీసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ రోజు హైదరాబాద్‌లో జేబులో ఉన్న కలమే ఈ రోజూ జేబులో ఉంది.

కోర్టు పక్కన నోటరీ దగ్గరకు పోయాం. దారిలో ఆమెను ఏం అడగాలో తెలియక, "నాయిన మంచిగున్నడా?" అన్నాను. "ఉన్నడు" అంది. టైపిస్టు నా ఆధార్ తీసుకొని కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టినంత మేర పైకి చదివాడు. "నేను, వయస్సు అరవై రెండు సంవత్సరాలు, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా, సదరు విద్యార్థిని పుట్టిన తేదీని నేను నా స్వహస్తాలతో వాస్తవానికి విరుద్ధంగా..."

ఆమె తెర మీదికి వంగి చూసింది. అంకె మీద వేలు పెట్టింది.

"గిది గూడ రెండు తక్కువే గద సార్."

టైపిస్టు ఆగాడు. "ఆధార్ల ఉన్నదే కొడ్తమమ్మా" అన్నాడు.

"ఆ రోజు బస్సుల నేను నిద్రపోలే" అంది ఆమె, నాతోనే.

నా చేతిలో కలం ఉంది. అరవై నాలుగు అని కొట్టించాలి. నోరు తెరిచాను. "పెన్షన్ కాగితాలల్ల గదే ఉంది బిడ్డా" అన్నాను.

"తెల్సు. పెట్టుండ్రి సంతకం."

పెట్టాను. పేరు మొత్తం, పొట్టి చేయకుండా, ప్రతి అక్షరానికీ తలకట్టు తీర్చి పెట్టాను. ఆమె కాగితం అందుకొని, సిరా ఆరేదాకా ఊది, సంతకం వైపు కాసేపు చూసింది.

"మీ దస్తూరి ఇంకా గట్లనే ఉంది సార్" అని మడిచి సంచిలో పెట్టుకొని బస్టాండు వైపు పోయింది.